నల్లద్దాల్లో పోయిన మబ్బు

మొన్న మా వీధి చివరింటి అమ్మాయికి పైలట్ శిక్షణలో సీటు వచ్చింది. గిద్దలూరు స్టేషను రోడ్డు పక్క సందులోంచి ఒక పైలట్ బయల్దేరడమంటే మాటలా! వాళ్ళమ్మ వీధి వీధంతా లడ్లు పంచింది. ఈ సందులోనే ఒకప్పుడు విమానాలు నడిపిన ముసలాడు ఒకడున్నాడని ఎవరో చెప్పారట, సాయంత్రం ఆ అమ్మాయి నా దీవెన కోసం వచ్చింది. నెత్తిమీద నల్లద్దాలు. నేను అక్షింతలు పక్కన పెట్టి, ముందు ఆ అద్దాలు ఇటివ్వమన్నాను. అవి కళ్ళకు పెట్టుకుని, నా పాత ఫోను వెలిగించి, తల అటూ ఇటూ వంచి చూశాను. ఒక వాటానికి ఫోను పూర్తిగా నల్లబడిపోయింది.

"ఇవి ఎండకు పెట్టుకో, పెళ్ళిళ్ళకు పెట్టుకో. విమానంలో మాత్రం పెట్టుకోవద్దు తల్లీ" అన్నాను.

"ఏంది తాతా, ఇవి పోలరైజ్డ్. శానా మంచివి" అంది ఆ అమ్మాయి, కొంచెం నొచ్చుకుని.

మంచివే. నావీ మంచివే. ఆ కథ ఆ అమ్మాయికి సగమే చెప్పాను, తక్కిన సగం గొంతులోంచి రాలేదు. రాయడమైతే తేలికేమో అని ఈ కాగితాలు ముందేసుకున్నాను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు చదివితే అద్దాల సంగతి వరకైనా పనికొస్తుంది.

నేను పెద్ద పెద్ద విమానాలు నడిపినవాణ్ణి కాను. రెండు ఇంజన్ల చిన్న విమానాలే నా బతుకంతా. నడి వయసులో కొన్నేళ్ళు మేఘమథనం పని చేశాను. వాన పడని ఏళ్ళలో ప్రభుత్వం మబ్బుల కిందికి విమానాలు పంపించేది. రెక్కలకు గుత్తులుగా గొట్టాలు కట్టి ఉండేవి. మీట నొక్కితే అవి అగరొత్తుల్లా కాలి ఉప్పు పొగ వదులుతాయి. మబ్బు కింద నుంచి గాలిని పైకి పీల్చుకునే చోట ఆ పొగ వదిలితే చినుకు కట్టడానికి తోడవుతుందని శాస్త్రం. తోడవుతుందనే అన్నారు గాని కురిపిస్తుందని ఎవరూ అనలేదు. అయినా పైనున్నప్పుడు ఇంద్రుడికి తమ్ముణ్ణనే అనుకునేవాణ్ణి, దాచుకోవడం ఎందుకు?

మాది అర్ధవీడు దగ్గర చిన్న పల్లె. గొర్లు, మేకలు, కాస్త మెట్ట చేను. నాయన జన్మంతా మంద వెనకే నడిచాడు. నన్ను మాత్రం మంద వెనక్కి రానీయలేదు. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. అక్కా బావా అదే ఊళ్ళో, నాయన పక్కింట్లోనే ఉండేవాళ్ళు.

ఆ ఏడు వానల్లేక ఊళ్ళో మేపు లేదు. కంభం చెరువే అడుగంటింది, ఇక మా కుంటలు ఎంత? అలాంటి ఏళ్ళలో మా వాళ్ళు మందలు తోలుకుని తూర్పుగా దిగువకు, కాలవల కిందికి నడిచిపోతారు. రోజుల తరబడి నడక. రోడ్డు పక్కనే వంట, రైతుల బీళ్ళలో పడక. నాయనకు డెబ్బై దాటాయి. ఆ వేసవిలోనే గిద్దలూరులో కంటి శిబిరం పెడితే రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించాం. దుమ్ములో తిరగొద్దన్నాడు డాక్టరు. గొర్ల వెనక నడిచేవాడికి దుమ్ము తగలకుండా ఎట్లా?

"మందను బావతో పంపించు, నువ్వు ఉండిపో" అని నేను ఫోనులో ఒకటే పోరు.

"నేను లేకుంటే గొర్లు నడవవు. అది నీకు తెల్దులే అబ్బయ్యా" అనేవాడు నాయన. చివరికి ఒక మాట ఇచ్చాడు. "మంగళారం దాకా జూస్తా. ఈలోపల ఒక్క పదును పడిందంటే పచ్చిక లేస్తాది, మంద కదల్చను. పడకపోతే మాత్రం పోతా. నన్ను ఆపొద్దు."

ఒక్క పదును వాన. నా పనేమో వాన పనాయె. నాయన అది వేళాకోళానికి అన్నాడో, నిజంగానే నా మీద పెట్టాడో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను.

రాడార్ ముందు కూర్చుని ఏ మబ్బు మీదికి వెళ్ళాలో చెప్పే మేడమ్ ఒకావిడ ఉండేది. నాకంటే చిన్నది, మాటలో మహా కచ్చితం. రోజూ పొద్దున ఆవిడ గదిలో తల దూర్చి, "మా వైపు ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగేవాణ్ణి. "మీ వైపు ఎండ ఉంది కెప్టెన్ గారూ, కావాలా?" అనేది. అయినా నా ముఖం చూసి జాలిపడేది పాపం.

ఇక ఆ అద్దాల సంగతి. ఆ ఏడే మా విమానంలో పాత గుండ్రటి ముళ్ళ గడియారాలు చాలావరకు పీకేసి, వాటి స్థానంలో ఒక పెద్ద డిజిటల్ తెర బిగించారు. ఎత్తు, వేగం, దిక్కు, కొండల ఆనవాళ్ళు, అన్నీ దాంట్లోనే. తెర చెడితే ఆసరాకు మూడు చిన్న ముళ్ళ గడియారాలు మాత్రం మూలన ఉంచారు. కొత్త తెర వచ్చింది గదా, కొత్త అద్దాలు ఉండొద్దా అని నేను పట్నంలో ఖరీదైన నల్లద్దాలు కొనుక్కున్నాను. పోలరైజ్డ్. అబ్బ, వాటితో మబ్బులను చూడాలి! ఆకాశం చిక్కటి నీలమై, మబ్బు అంచులు చెక్కినట్టు విడివిడిగా కనిపించేవి. ఏ మబ్బు ఎదుగుతోందో, ఏది చెదిరిపోతోందో ఇట్టే తెలిసేది. ఈ పనికోసమే చేశారనిపించింది.

మా ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. విమానం కడుపులో దూరితే భోజనం కూడా మరిచిపోయే మనిషి. "అన్నా, కొత్త తెర కాస్త మసగ్గా ఉంది" అని నేనొకసారి ఫిర్యాదు చేశాను. ఆయన చూసి, "దివిటీలా వెలుగుతుంటే మసకంటారేంది సారూ?" అన్నాడు. సరే అని నేనే వెలుగు పెంచుకున్నాను. విమానం ముందు అద్దంలో అక్కడక్కడా హరివిల్లు మరకలు కూడా కనిపించేవి. అందంగా ఉన్నాయనుకుని ముచ్చటపడ్డాను. బుద్ధున్నవాడెవడైనా ఆ రెండు ముక్కలూ కలిపి ఆలోచించేవాడు.

సోమవారం మధ్యాహ్నం మేడమ్ తనే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మీ కంభం చెరువు మీద ఒకటి లేస్తోంది. బాగా లేస్తోంది. పొండి, పొండి" అంది. ఆవిడ ముఖంలో అంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

విమానం ఎక్కబోతూ అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, ఇయ్యాల మన దిక్కుకే వస్తుండా. నాయనకు చెప్పు" అన్నాను. అది చెప్పకూడని మాట. పనిలో ఉన్నవాడు పని మీదే ఉండాలి. నేను అలా చెప్పి, ఊరి మీద పని చెయ్యడంతో పాటు ఊరిని చూడడాన్ని కూడా నెత్తికెత్తుకున్నాను.

నల్లమల దాటుతుంటే కింద పచ్చదనం ఒక్కసారిగా తెగిపోయి ఎర్రమట్టి మొదలైంది. రైలుపట్టాలు, చెరువు మధ్యలో మిగిలిన నీటి పాయ, దాని పక్కన మందలు నడిచిన దారులు. ఆ ముందు మబ్బు! అడుగు చదునుగా, చీకటిగా, తల మాత్రం తెల్లగా పొంగుతూ ఉంది. దాని కిందికి వెళ్ళగానే విమానాన్ని ఎవరో చంకల కింద చేతులేసి ఎత్తినట్టు పైకి లేపింది. మాకు కావలసిన గాలి అదే. మీట మీద వేలు పెట్టాను. ఇంకొక్క అరనిమిషం అదే దారిలో వెళ్తే గొట్టాలు కాల్చే చోటు వస్తుంది.

అప్పుడు గుర్తుపట్టాను, ఎడమ రెక్క కింద మా ఊరు. బొమ్మల కొలువంత ఊరు. నాయన బయటికి వచ్చి ఉంటాడు. కొత్త కళ్ళతో పైకి చూస్తుంటాడు. ఒక్కసారి చూసి తర్వాత మీట నొక్కుదాం అనుకుని విమానాన్ని కొంచెం ఎడమకు వంచి, నేనూ అటే వాలి, తల కిటికీకి ఆనించి వెతికాను. ఇళ్ళు కనిపించాయి, దొడ్లు కనిపించాయి. మనుషులు తెలియలేదు. తల అలాగే వంచి ఉంచి తెర వైపు చూశాను.

తెర లేదు. మార్కాపురం పలకలా నల్లగా ఉంది.

నిటారుగా కూర్చున్నాను, తెర వెలిగింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ ఊరి కోసం వాలాను, మళ్ళీ నల్లబడింది. మూడోసారీ అంతే. పైన మబ్బు, పక్కన కొండలు, ముందున్న యంత్రమేమో వస్తూ పోతూ ఉంది. పూర్తిగా చచ్చిన తెర నయం, ఆశ వదులుకుని చిన్న గడియారాలు చూసుకోవచ్చు. దొంగాట ఆడే తెరను నమ్మి మబ్బు కింద తిరగకూడదు. అది మా పనిలో మొదటి నియమం. నియమం సంగతి అటుంచి, నాకు ప్రాణభయం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మీట మీంచి వేలు తీసేశాను. తెర పోతోంది, వెనక్కి వస్తున్నానని రేడియోలో చెప్పాను. "మబ్బు బాగుంది కెప్టెన్ గారూ" అంది అవతల మేడమ్, చిన్న గొంతుతో. "తెలుసు మేడమ్" అన్నాను. దారంతా నిటారుగా కూర్చుని వచ్చాను. తెర ఒక్కసారి కూడా పోలేదు, దొంగముండ.

దిగాక ఇంజనీరన్న తీగలన్నీ విప్పి చూశాడు. ఏమీ లేదు. చీకటి పడేదాకా చూసి, పొద్దున మళ్ళీ మొదలుపెట్టాడు. విమానాన్ని లేపడానికి వీల్లేదని రాసి పెట్టారు. నేను పక్కనే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పది గంటలకే ఎండ మండిపోతోంది. ఆయన కళ్ళు చికిలించుకుంటూ, "ఆ అద్దాలు ఒకసారి ఇయ్యండి సారూ" అని నా నల్లద్దాలు పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. ఎడమ పక్క కింద ఏదో తీగ చూడడానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తల లేపాడు, వంచాడు. అద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూసి నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

"సారూ, మీ ఊరు విమానానికి ఎడమ పక్కన ఉండిందా, కుడి పక్కనా?"

"ఎడమ పక్కన. ఏం?"

"కుడి పక్కన ఉండుంటే కురిపించేటోళ్ళు" అన్నాడు. నన్ను కూర్చోబెట్టి అద్దాలు పెట్టి కుడికి వంచాడు. తెర ఎప్పుడూ లేనంత తళతళలాడింది. ఎడమకు వంచాడు. పలక.

పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్తాను. దడి సందులోంచి కర్రను నిలువుగా దూర్చవచ్చు, అడ్డంగా పెడితే దూరదు. అలాగే ఆ డిజిటల్ తెరలోంచి వెలుగు ఒక వాటంగానే, మాదాంట్లో కుడికి ఏటవాలుగా, వస్తుంది. పోలరైజ్డ్ అద్దం కూడా ఒక వాటం వెలుగునే రానిస్తుంది. తల వంచితే దడి కూడా వంగినట్టే. రెండూ అడ్డం పడ్డాయంటే వెలుగంతా ఆగిపోతుంది. అంతే రహస్యం. ఏ అద్దాలు కొన్నా నేల మీదే తెర ముందు కూర్చుని తల రెండు పక్కలకూ వంచి చూసుకోండి. మామూలు నల్లద్దాలు ఈ వృత్తికి చాలు. అలా వంచి చూసుకోవడానికి అర నిమిషం పడుతుంది. నేను ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేదు.

మేడమ్ ఆ రోజే చెప్పింది, ఆ మబ్బు తూర్పుగా జరిగిపోయి ముండ్లమూరు వైపు బాగా కురిసిందట. "మనం కాల్చినా మీ ఊళ్ళోనే పడేదని ఎవరు చెప్పగలరు?" అని ఓదార్చింది. నిజమే. కాల్చకపోతే పడదనీ చెప్పలేం, కాల్చితే పడుతుందనీ చెప్పలేం. కాల్చి ఉంటే నాకు ఆ మాట చెప్పుకునే హక్కైనా ఉండేది.

ఆ మంగళవారం ఆకాశంలో మసి మరకంత మబ్బు కూడా లేదు. బుధవారం తెల్లవారగానే నాయన మంద కదిలించాడు.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. యంత్రంలో లోపం లేదు, పైలట్ అద్దాల్లో ఉంది అని. ఇక చూడండి, నా సాటి పైలట్లు కొన్ని నెలలపాటు నన్ను చూసినప్పుడల్లా తల ఎడమకు వంచి నమస్కారం పెట్టేవాళ్ళు. పెట్టనీ. ఆఫీసుకు నిజం చెప్పడం నాకు కష్టం కాలేదు.

రెండు వారాల తర్వాత సెలవు దొరికింది. బావకు ఫోన్ చేసి మంద ఎక్కడుందో కనుక్కుని వెళ్ళాను. ముండ్లమూరు దగ్గర ఒక రైతు బీడులో దిగారు. మంద ఎరువు కోసం రైతు పిలిచి మరీ ఉంచుకున్నాడు. నా మబ్బు కురిసిన నేల అదే. పచ్చిక చీలమండల దాకా లేచి ఉంది. గొర్లు తల ఎత్తకుండా మేస్తున్నాయి. నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు, కంటి శిబిరంలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని. చిక్కిపోయాడు. కళ్ళలోంచి నీరు కారుతోంది, దుమ్ముకే. పై పంచెతో ఒత్తుకుంటున్నాడు.

నేను పక్కన కూర్చుని, "నాయనా, ఆ రోజు..." అని మొదలుపెట్టబోయాను.

"ఊళ్ళో ఏమంటుండారో తెలుసా?" అన్నాడు నవ్వుతూ. "మీ వోడు ఇమానం తెచ్చి మబ్బును తోలుకపోయినాడు అంటుండారు. నేను జెప్పినా, వాడు గొర్లోళ్ళ ఇంట్లో పుట్టినోడు, తోలుకపోతే మేపు కాడికే తోలుకపోతాడు, అని. జూడు, నిజమే గదా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అద్దాల సంగతి చెబుదామనే వెళ్ళాను. ఎలా చెప్పను? వాన కోసం వచ్చి నిన్ను చూడబోయి వానను వదిలేశానని చెప్పనా? పోనీ నిన్నైనా చూశానా అంటే అదీ లేదు.

"అది సరే గాని అబ్బయ్యా" అన్నాడు నాయన. గొంతు తగ్గించాడు, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. "ఇమానం మా పక్కకు వొంగింది. నువ్వు మాకోసమే వొంచినావని అందరికీ జెప్పినా. నేను కనపడినానా?"

"కనపడినావు నాయనా" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "నిజంగా? అయితే నా చేతిలో ఏముండిందో చెప్పు?"

జన్మంతా ఆయన చేతిలో ఉన్నది ఒకటే. నేను ఆలోచించలేదు కూడా. "కర్ర" అన్నాను.

నాయన నా వైపు కాసేపు చూశాడు. నల్లద్దాల వెనక ఆ కళ్ళు ఏమన్నాయో నాకు కనిపించలేదు. తర్వాత తల ఊపి, "అవును అబ్బయ్యా. కర్రే" అన్నాడు. లేచి, చేలోకి పోబోతున్న ఒక గొర్రెపిల్లను అదిలించడానికి వెళ్ళాడు.

ఆ ఏడు గడిచి మంద ఊరికి తిరిగి వచ్చింది. నాయన కూడా వచ్చాడు, కాని ఆ నడకతో ఒక కన్ను పాడైంది. ఇంకో మూడేళ్ళు బతికాడు. నేను ఎన్నిసార్లు ఊరికి పోయినా, ఇద్దరం పక్కపక్కన ఎన్ని గంటలు కూర్చున్నా, ఆ రోజు మాట ఇద్దరం ఎత్తలేదు. ఈసారి చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

దినం అయిపోయిన మర్నాడు అక్క నాయన పెట్టె సర్దుతోంది. అడుగున అమ్మ ఎర్ర చీర ఒకటి ఉంది, ఒక కొంగున పెద్ద చిరుగు. ఎందుకు చిరిగిందని అడిగాను.

"నీకు తెల్దా?" అంది అక్క. "ఆ పొద్దు నువ్వు ఫోన్ చేసినావని జెప్పంగానే, అంత పైనుంచి వానికి నేనెట్ల కనపడతా అని, పెట్టె తీసి ఈ చీర కర్రకు గట్టుకొని గుట్టెక్కినాడు. ఇమానం కనపడకుండా పోయేదాకా ఊపతానే ఉన్నాడు. ముండ్ల కంపకు తగులుకొని చినిగినా దిగల్యా." చీర మడత పెడుతూ అడిగింది, "ముండ్లమూరు నుంచి వచ్చినాక, 'తమ్మునికి కనపడినావా నాయనా?' అని అడిగితే, 'కర్ర మటుకు కనపడిందంటమ్మే' అని నవ్వినాడు. ఇంత ఎర్ర చీర కడితే నీకు కర్ర ఒక్కటే ఎట్ల కనపడిందిరా తమ్ముడూ?"